చొక్కాకు అంటిన సున్నం: ఒక కళాశాల పాత భవనం రంగు తేల్చిన వైనం

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. గానుగ సున్నంతో కట్టిన గోడలు, మద్రాసు టెర్రస్ కప్పులు (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసినవి), టేకు తలుపులు ఉన్న భవనాలను కూల్చకుండా నిలబెట్టే పనికి నన్ను పిలుస్తారు. అలాంటి చోట్ల రంగు సంగతి నన్ను అడిగేవారు తక్కువ. పని అంతా అయ్యాక పెయింటర్‌తో తేల్చుకునే విషయంగానే చాలామంది దాన్ని చూస్తారు. కోస్తాలోని ఒక పాత డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థులు మాత్రం కప్పు కారుతున్న సంగతి కంటే ముందు గోడ రంగు గురించే మాట్లాడారు. వారిలో కొందరికి డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ రంగు తేల్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ పని చేసేవారికీ, తాము చదివిన కళాశాలకు ఏదైనా చేయాలనుకునే సంఘాలకూ ఉపయోగపడుతుందని ఆ వివరం ఇక్కడ రాస్తున్నాను. కళాశాల పేరుగానీ మనుషుల పేర్లుగానీ చెప్పడం లేదు.

అడిగిన పని

భవనం రెండంతస్తులది. ఇటుక గోడలు, సున్నపు గచ్చు, రెండు వైపులా పొడవాటి వరండాలు. కింది అంతస్తులో రసాయనశాస్త్ర ప్రయోగశాల, రెండు తరగతి గదులు, వరండా చివర ఒకప్పటి లేడీస్ వెయిటింగ్ రూం ఉన్నాయి. గత ఇరవై ఏళ్లలో గోడలకు మూడుసార్లు ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారు. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతూ ఉండాలి. ఎమల్షన్ పొర ఆ దారిని మూసేయడంతో నెమ్ము లోపలే నిలిచి, ఉప్పు తేలి, గచ్చుతో సహా పెచ్చులు ఊడిపోతున్నాయి. కాబట్టి ఆ పొర తీసేయక తప్పదు. తీశాక ఏ రంగు వేయాలన్న ప్రశ్నకు సంఘం ముందే జవాబు సిద్ధం చేసుకుంది: మేము చదివినప్పటి రంగే వేయాలి.

ఆ రంగు ఏదో కూడా వారు తేల్చుకునే వచ్చారు. వాట్సాప్ గ్రూపులో ఒక పెయింట్ కంపెనీ షేడ్ కార్డు ఫోటో పెట్టి ఓట్లు అడిగారు. ఊళ్లో ఉన్నవారు, హైదరాబాదు, బెంగళూరుల్లో స్థిరపడినవారు, అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్నవారు, అందరూ ఓటు వేశారు. కొంచెం గులాబీ కలిసిన మీగడ రంగు గెలిచింది. ఒక్కో ఫోను తెర ఒకే రంగును ఒక్కో రకంగా చూపిస్తుందని చెప్పి ఆ ఓటును పక్కన పెట్టడం నాకు పెద్ద కష్టం కాదు. కానీ అంతమంది ఒకే రంగును ఎంచుకున్నారంటే దానికేదో ఆధారం ఉండాలి. అది ఏమిటని అడిగాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివినవారికి ఈ చిక్కు రాదు. 1939లో ప్రారంభమైన వారి ఆర్ట్స్ కాలేజీ భవనం గ్రానైటుతో కట్టినది. రాయి రంగే భవనం రంగు. తాత చూసినదీ మనవరాలు చూసినదీ ఒకటే. వెల్ల వేసే భవనం అలాంటిది కాదు. ఏటా వేసవిలో దానిమీద కొత్త పొర పడుతుంది, కాబట్టి ఏ బ్యాచ్‌వారు చూసింది ఆ బ్యాచ్‌వారిదే. ఒకే కళాశాల అనుకుంటూనే వారు వేర్వేరు గోడల మధ్య చదువుకున్నారు.

ఫోటో చెప్పిన అబద్ధం

ఆధారం ఒక కలర్ ఫోటో. డెబ్బైల చివరలో వీడ్కోలు సభ రోజు వరండా ముందు తీసినది. ఒకరి ఇంటి ఆల్బంలో భద్రంగా ఉన్న దాన్ని గ్రూపులో పెట్టగానే అందరికీ కళ్లు చెమర్చాయి. అందులో గోడ నిజంగానే లేత గులాబీ కలిసిన మీగడ రంగులో ఉంది. అప్పటిదాకా గోడ రంగు గుర్తులేదన్నవారు కూడా ఆ రోజు నుంచి అదే తమ జ్ఞాపకంగా చెప్పడం మొదలుపెట్టారు. ఈ వృత్తిలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. ఒక చిత్రం చూశాక, చూడకముందు మనసులో ఏముందో తిరిగి తవ్వి తీయడం దాదాపు అసాధ్యం.

ఆ రోజుల కలర్ ప్రింట్లలో మూడు రంజకాలు ఉండేవి. ఆల్బంలో చీకట్లో దాచినా కాలక్రమంలో నీలి-ఆకుపచ్చ రంజకం మిగతా రెండింటికంటే ముందు వెలిసిపోతుంది, దానితో బొమ్మ మొత్తం ఎర్రబారుతుంది. మన ఇళ్లలో ఆ దశకపు పెళ్లి ఫోటోలు చాలావరకు ఎర్రగా కనిపించడానికి కారణం ఇదే. ఆ అసలు ప్రింటును తెప్పించి ఎండ నేరుగా పడని పగటి వెలుగులో చూశాను. గోడ ముందు నిలబడిన కుర్రవాళ్ల తెల్ల చొక్కాలు కూడా లేత గులాబీగానే ఉన్నాయి. ఆకాశం ఊదా కలిసిన బూడిద రంగులో ఉంది. ఆ చొక్కాలు తెల్లవని ఒప్పుకుంటే, వాటి పక్కన అదే ఛాయలో ఉన్న గోడ కూడా తెల్లదే అయి ఉండాలి. ఈ మాట సమావేశంలో చెప్పినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఫోటో వారికి ప్రాణంతో సమానం, దాన్ని తప్పుపట్టినట్టు వారికి అనిపించి ఉంటుంది. చొక్కాలు చూపించి చెప్పాను కాబట్టి ఒప్పుకున్నారు గానీ, రసాయనశాస్త్రం ఒక్కటే చెప్పి ఉంటే ఒప్పుకునేవారు కాదు.

నీలం అన్న మనిషి

ఓటింగులో ఒక్కరు మాత్రం మొదటినుంచీ గోడ నీలంగా ఉండేదని చెబుతూ వచ్చారు. ఆయన మాటను ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఆయనకు రంగులు సరిగా తెలియవన్న సంగతి బ్యాచ్ అంతటికీ తెలుసు. టైట్రేషన్‌లో మిథైల్ ఆరెంజ్ పసుపు నుంచి నారింజకు తిరిగే క్షణం ఆయన పట్టుకోలేకపోయేవారు. పక్కవారు “ఆపు, ఆపు” అంటే బ్యూరెట్ ఆపేవారు. చివరికి రసాయనశాస్త్రం వదిలి గణితంలోకి మారి, అందులోనే జీవితమంతా పాఠాలు చెప్పారు. ఒక రంగు కనబడకపోవడం ఒక మనిషి చదువునూ వృత్తినీ మార్చిన ఉదాహరణ ఇది. ఆయన ఆ సంగతి ఏ బాధా లేకుండా చెప్పారు గానీ, నలభై ఏళ్ల తర్వాత కూడా తన కంటి సాక్ష్యాన్ని స్నేహితులు కొట్టిపారేయడం మాత్రం ఆయనకు కష్టం కలిగించింది.

ఆయన లోపం ఎరుపు-ఆకుపచ్చలకు సంబంధించినది. పుట్టుకతో వచ్చే రంగుల లోపాల్లో ఎక్కువ భాగం అదే, మగవారిలోనే అది ఎక్కువ. ఆ లోపం ఉన్నవారికి నీలం-పసుపుల మధ్య తేడా తెలుస్తుంది. అంటే గోడలో నీలం ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆయన కన్ను మిగతావారి కన్నుకు ఏమాత్రం తీసిపోదు. ఇది చెప్పినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇక గోడనే అడగాలని నిశ్చయించుకున్నాం.

పొరలు

పాత రంగు ఎప్పుడూ మరుగున దొరుకుతుంది. నోటీసు బోర్డు వెనక, కరెంటు మీటరు చెక్క కింద, తలుపు బందుల అడుగున, ఎవరూ గీకని ఎవరూ కడగని చోట్ల వెతకాలి. మొత్తం పదకొండు చోట్ల సర్జికల్ బ్లేడుతో చిన్న చదరాలుగా, మెట్టు మెట్టుగా పొరలు తీశాను. పైన మూడు ఎమల్షన్ పొరలు. వాటి కింద ఆయిల్ బౌండ్ డిస్టెంపర్ (నూనె కలిపిన గోడ రంగు), ఒకటి లేత ఆకుపచ్చ, దాని కింద ఒకటి మీగడ రంగు. ఆ కింద ఇక అంతా సున్నమే. లెక్కపెట్టలేనన్ని పలుచటి వెల్ల పొరలు, తమలపాకులు కట్టగా పేర్చినట్టు. పది రెట్లు చూపే భూతద్దంలో వాటి మధ్య సన్నటి నీలి రేణువులు కనిపించాయి. మామూలు కంటికి ఆ పొర తెల్లగానే ఉంది. దాని పక్కన ఒక తెల్ల కాగితం పెడితే మాత్రం నీలం ఛాయ స్పష్టంగా తేలింది.

అది నీలిమందే అయి ఉండాలి. సున్నంలో ఇనుము పాలు ఏ కొంచెం ఉన్నా ఆరాక పసుపు ఛాయ వస్తుంది. ఒక చిటికెడు నీలం ఆ పసుపును విరిచేసి తెలుపును మరింత తెల్లగా చూపిస్తుంది. బట్టలకు నీలి పెట్టే సూత్రమూ అదే. ప్రభుత్వ కట్టడాల పనుల నిబంధనల్లో కూడా కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, 3 గ్రాముల వరకు నీలి అని ఉంటుంది. అయితే నీలి అన్న పేరుతో వేర్వేరు పదార్థాలు వాడకంలో ఉండేవి. ఇక్కడిది అల్ట్రామెరీన్ అనే నీలి రంజకం అవునో కాదో తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది, దానికి కావలసింది పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది అదే వరండాలో, వారు చదివిన ప్రయోగశాలలోనే దొరికింది.

వాచ్‌గ్లాసులో పొర ముక్క వేసి ఒక చుక్క ఆమ్లం వేశాను. సున్నం బుసబుసా పొంగింది. నీలి రేణువులు చూస్తుండగానే రంగు పోగొట్టుకున్నాయి, లీలగా కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఆమ్లం తగిలితే అల్ట్రామెరీన్ విరిగిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. చుట్టూ ఉన్న అరవై డెబ్బై ఏళ్ల రసాయనశాస్త్ర విద్యార్థులందరికీ ఒక్కసారిగా ప్రయోగశాలలో ఆ వాయువును తయారుచేసే కిప్స్ ఆపరేటస్ గుర్తొచ్చింది. సాల్ట్ ఎనాలిసిస్ రోజుల గురించి, వాసనకు తట్టుకోలేక వరండాలోకి పరుగెత్తిన సంగతుల గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను ఆపలేదు. నా ప్రశ్నకు అసలు జవాబు ఆ అరగంటలోనే దొరికింది.

అడగవలసిన ప్రశ్న

అప్పటిదాకా నేను గోడ ఏ రంగులో ఉండేదని అడుగుతూ వచ్చాను. ఆ ప్రశ్నకు మనిషి జ్ఞాపకం సరిగా జవాబు చెప్పలేదు. గుర్తున్న రంగు అసలు రంగు కంటే నిండుగా, ముదురుగా మారిపోతుంటుంది. ఒక షేడ్ కార్డు చూపిస్తే దానిలో దగ్గరగా కనిపించినదానికి అతుక్కుంటుంది. ఆ రోజు వారు తమలో తాము మాట్లాడుకుంటూ, వరండాలోకి పరుగెత్తి గోడకు ఆనుకుని నిలబడేవాళ్లమనీ, మళ్లీ లోపలికి వెళ్లేముందు ఒకరి వీపు ఒకరు దులుపుకునేవాళ్లమనీ అన్నారు. వీపుకు ఏం అంటుకునేదని అడిగాను. సున్నం, తెల్లగా, అన్నారు.

ఇది చిన్న మాట కాదు. ఆయిల్ బౌండ్ డిస్టెంపర్ అంత తేలిగ్గా చొక్కాకు అంటదు. వెల్ల అంటుతుంది. ఆ రోజు నుంచి అన్ని బ్యాచ్‌లవారినీ ఫోనులో ఒకే ప్రశ్న అడిగాను: గోడకు ఆనుకుంటే చొక్కాకు ఏమైనా అంటేదా? డెబ్బైలలో చదివినవారంతా అంటేదన్నారు. ఎనభైల మధ్యలో చేరినవారికి చొక్కా దులుపుకున్న జ్ఞాపకమే లేదు. వెల్ల ఆగి డిస్టెంపర్ మొదలైన కాలాన్ని ఈ ఒక్క ప్రశ్నతో రెండేళ్ల తేడాలోకి తేగలిగాను. కళాశాల రికార్డుల్లో ఎక్కడా దొరకని తేదీ అది. తర్వాత, ఏటా వెల్ల కలిపిన విశ్రాంత అటెండరు గారిని వెతికి పట్టుకుంటే, ఆయనా అదే కాలం చెప్పారు. “గుల్ల సున్నం, బాబూ. రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో వడగట్టేవాళ్లం. తుమ్మజిగురు కాసి పోసేవాళ్లం. డ్రమ్ముకి రెండు పొట్లాల నీలి. మూడోది వేస్తే ప్రిన్సిపాల్ గారు కోప్పడేవారు,” అన్నారు. పూర్వ విద్యార్థుల సంఘానికి ఆయన చిరునామా తెలియదు. వారు కోరిన రంగు కలిపిన చేతులు ఆయనవే.

ఒకరు మాత్రం చొక్కాకు ఏమీ అంటలేదన్నారు. డెబ్బైల చివరి బ్యాచ్ మనిషి, తండ్రి మగ్గం నేసేవారు. నా అంచనా తప్పేమోనని మళ్లీ అడిగాను. “నేను గోడకి ఎప్పుడూ ఆనుకోలేదండి. ఉన్నది ఒక్క తెల్ల చొక్కా. రోజూ రాత్రి ఉతికి, నీలి పెట్టి, పొద్దున్నే తొడుక్కుని వచ్చేవాణ్ణి. గోడ మీద ఉన్నదీ నా చొక్కా మీద ఉన్నదీ ఒకటే నీలి అని నాకు అప్పుడే తెలుసు,” అన్నారు. ఆ ఫోటోలో చివరన, గోడకు జానెడు ఎడంగా నిలబడిన కుర్రవాడు ఆయనే.

ఎర్ర పట్టీ, ఆకుపచ్చ తలుపు

గోడ అడుగున మూడడుగుల ఎత్తున జాజు (ఎర్రమట్టి రంగు) పూసిన ఆనవాలు నాకు నాలుగు చోట్ల దొరికింది. మగవారిలో ఒక్కరికీ అది గుర్తులేదు. అది తర్వాత ఎప్పుడో పూసిందేమో అనుకుని నివేదికలో అనుమానంగానే రాశాను. డెబ్బైల మొదట్లో ఆ కళాశాలలో అమ్మాయిలు పదిమంది లోపు ఉండేవారు. వారిలో ముగ్గురితో మాట్లాడగలిగాను. ముగ్గురూ నేను అడగకముందే ఎర్ర పట్టీ గురించి చెప్పారు. లెక్చరరుగా రిటైరైన ఒకావిడ కారణం కూడా చెప్పారు: “గేటు దగ్గర నుంచి ఆ గది దాకా తల వంచుకునే నడిచేవాళ్లం, నాయనా. వరండా పొడుగునా అబ్బాయిలు నిలబడి ఉండేవారు. మేం గోడ పైభాగం ఏనాడైనా చూస్తే కదా. మాకు తెలిసింది కింద ఎర్ర పట్టీ, చివర ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు లోపలికి వెళ్లాకే ఊపిరి తీసుకునేవాళ్లం.”

ఆ మాట విన్నాక నేను నా నివేదికను మార్చాను. ఒకే వరండాలో, ఒకే సంవత్సరంలో, అబ్బాయిలకు వీపుకు అంటిన తెల్ల గోడ, అమ్మాయిలకు పాదాల పక్కన నడిచిన ఎర్ర పట్టీ. వాట్సాప్ ఓటింగులో తలుపు ఊసే రాలేదు. ఓటు వేసినవారిలో ఆడవారు ఎంతమందో అడగాలని అప్పటిదాకా నాకూ తోచలేదు. ఆ లోపం నాది. ఇప్పుడు ఏ కళాశాల పనికి వెళ్లినా చదివిన ఆడవారిని, అటెండర్లను ముందు కలిసి, ఆ తర్వాతే సంఘం సమావేశానికి వెళుతున్నాను.

ఆ లేడీస్ వెయిటింగ్ రూం ఇప్పుడు స్టోర్ రూం. తలుపుకు గోధుమరంగు ఎనామెల్ ఉంది. పై బందు ఊడదీస్తే ఇనుప రేకు కింద అరచేతి మేర పాత పొర చెక్కుచెదరకుండా దొరికింది: ముదురు ఆకుపచ్చ నూనె రంగు. ఆ రిటైరైన లెక్చరరు గారికి ఆ ముక్క ఫోటో పంపలేదు. ఊళ్లోనే ఉంటారు కాబట్టి రమ్మని పిలిచి నేరుగా చూపించాను. చాలాసేపు దాని మీద వేలు పెట్టి నిలబడ్డారు.

చేసిన పని

ఎమల్షన్, డిస్టెంపర్ పొరలను గీకి తీశాం. ఊడిన గచ్చును గానుగ సున్నంతోనే సరిచేసి ఒక వేసవి అంతా ఆరనిచ్చాం. కిలో సున్నానికి 1, 2, 3 గ్రాముల నీలితో మూడు నమూనాలు గోడ మీద మీటరు చదరాలుగా, ఒక్కోటి మూడు పూతలు వేసి, పూర్తిగా ఆరాక అందరినీ పిలిచాం. ఇక్కడ ఒక విషయం గమనించాను. పెద్దవారిలో కొందరు 1, 2 గ్రాముల చదరాల మధ్య తేడా లేదన్నారు. శుక్లాల ఆపరేషన్ అయినవారు వెంటనే చెప్పారు. వయసుతో కంటి కటకం పసుపుబారి నీలి కాంతిని కొంత ఆపేస్తుంది. ఆ మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా రావడం వల్ల మనకు తెలియదు. ఆ రోజు జరిగినదానికి అదొక్కటే కారణమని రుజువు చేయలేను గానీ, వృద్ధులతో రంగు ఎంపిక చేయించే ప్రతివారూ దీన్ని గుర్తుంచుకోవాలి. చివరికి అటెండరు గారి డ్రమ్ము కొలతను లెక్కగట్టి, పాత పొరతో పక్కపక్కన పోల్చి, 2 గ్రాముల దగ్గర స్థిరపడ్డాం. లెక్కల మాస్టారు కూడా దాన్నే చూపించారు.

దక్షిణం వరండాలో ఒక తప్పు జరిగింది. వెల్ల తడిగా ఉన్నప్పుడు అసలు రంగు చూపించదు, ఆరాకే తేలుతుంది. మధ్యాహ్నం కలిపిన డ్రమ్ము తడి చూసి చాలలేదనుకుని మేస్త్రి ఇంకో పొట్లం వేశాడు. మర్నాడు ఆ గోడ ఆకాశంలా ఉంది. నేను ఆ పూట అక్కడ లేను, ఉండవలసింది. పైన నీలి లేని వెల్ల ఒకటీ, కొలత ప్రకారం కలిపింది ఒకటీ వేసి సరిచేశాం. అడుగున జాజు పట్టీ తిరిగి వేశాం. తలుపుకు అవిసెనూనెతో కలిపిన ముదురు ఆకుపచ్చ రంగు వేశాం.

పని ముగిసి ఒక వర్షాకాలం గడిచింది. గోడలో నెమ్ము తగ్గింది, ఉప్పు తేలడం రెండు చోట్లకే పరిమితమైంది. నీటి గొట్టం పక్కన వెల్ల వెలిసింది, అది మామూలే. ఏటా జూన్‌లో కళాశాల తెరిచేలోపు ఒక పూత వేయించడానికి సంఘం డబ్బు కేటాయించింది. కొలతలు తెలుగులో రాసి ప్రిన్సిపాల్ గదిలో ఒకటి, అటెండరు గారి మనవడి దగ్గర ఒకటి ఉంచాను. ఆకుపచ్చ తలుపు వెనక గదిలో ఇంకా పాత జవాబు పత్రాల కట్టలే ఉన్నాయి. దాన్ని ఖాళీ చేయించి ఇప్పటి అమ్మాయిలకు కూర్చునే గదిగా ఇవ్వమని ఎర్ర పట్టీ గురించి చెప్పిన ఆ ముగ్గురూ అర్జీ రాసి ఇచ్చారు. గది తాళం స్టోర్ కీపర్ దగ్గరే ఉంది.